రోదసి గృహానికి సరుకుల బండి: సరిహద్దు పల్లె గమనించదగిన సంగతి

2025 నవంబరు 2వ తేదీ ఆదివారం సాయంత్రం 5.26 గంటలకు శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 రాకెట్ నింగికి లేచింది. ఎప్పటివలె మా పల్లెలో పిల్లలు మిద్దెలెక్కి ఈశాన్య దిక్కుకు చూపు సారించారు. మరునాడు తరగతిలో ఒక విద్యార్థిని లేచి అడిగింది: "సార్, దాంట్లో మనుషులెవరూ లేరంట కదా. మరి అంత దుడ్డు పెట్టి ఏం పంపినారు?"

ఆనాడు వెళ్ళినది 4,410 కిలోల బరువుగల సమాచార ఉపగ్రహమని చెప్పాను. ఆమె ప్రశ్న మాత్రం నన్ను విడువలేదు. రాకెట్ అనగానే అందులో కూర్చున్న వీరుడు మన కళ్ళకు కడతాడు. మనిషి లేని ప్రయాణం మనకు ఒట్టి యంత్రంగా తోస్తుంది. కాని ఆకాశంలో కాపురమున్నవారికి అన్నం పెట్టేది మనుషులు లేని ఆ ప్రయాణాలే. భూమి నుంచి సరుకులు మోసుకుపోయే మానవరహిత నౌక ఒకటి రావడం ఆలస్యమైతే అక్కడి వంటపొయ్యికి చింత మొదలవుతుంది. ఆ సరుకుల బండ్లను నేడు ప్రైవేటు కంపెనీలు నడుపుతున్నాయి. భారతదేశం కూడా స్వంత అంతరిక్ష నిలయం కట్టే సన్నాహంలో ఉన్నది గనుక, ఈ ఏర్పాటులోని మేలుకీడులను శ్రీహరికోట పొగ కనుచూపు మేరలో నివసించే మనము తెలుసుకొనుట అవసరం.

నిల్వ తరిగిన ఇల్లు

అంతర్జాతీయ అంతరిక్ష నిలయం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పరిభ్రమిస్తున్నది. దాదాపు 90 నిమిషాలకొకసారి భూమిని చుట్టివస్తుంది. 2000 నవంబరు 2 నుంచి ఆ ఇల్లు ఒక్కనాడు కూడా మనిషి లేక ఖాళీగా లేదు. సాధారణంగా ఏడుగురు అందులో ఉంటారు. చెమటను, మూత్రాన్ని కూడా శుద్ధిచేసి తాగునీరుగా మార్చుకొంటారు. 2023లో ఈ నీటి పునరుద్ధరణ 98 శాతానికి చేరినదని నాసా ప్రకటించింది. అయినను తిండి, బట్ట, మందులు, యంత్రభాగాలు, పరిశోధన సామగ్రి క్రిందినుంచే పోవాలి. నీరు మళ్ళీ నీరవుతుంది గాని తిన్న అన్నం మళ్ళీ అన్నం కాదు.

సరుకుల కోసమే ప్రత్యేకించిన నౌకను మొదట పంపినది సోవియట్ యూనియన్. 1978 జనవరిలో ప్రోగ్రెస్ అనే ఆ నౌక సాల్యూత్-6 నిలయానికి చేరింది. మనుషులు లేకుండా తనంతట తానుగా వెళ్ళి జతకూడడం దాని ప్రత్యేకత. అమెరికా మాత్రం మనుషులను, సరుకులను ఒకే స్పేస్ షటిల్‌లో పంపేది.

ఆ పద్ధతిలోని ప్రమాదం 2003 ఫిబ్రవరి 1న బయటపడింది. కొలంబియా షటిల్ తిరుగు ప్రయాణంలో ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు అసువులు బాసిన విషాదం పాఠకులకు విదితమే. షటిల్ ప్రయాణాలు 2005 జూలై వరకు ఆగిపోయాయి. నిలయంలో ముగ్గురు ఉండవలసిన చోట ఇద్దరినే ఉంచారు. వారికి సరుకులు తెచ్చే మార్గం రష్యా వారి ప్రోగ్రెస్ ఒక్కటే మిగిలింది. 2004 చివర నిల్వలు లెక్క చూడగా తిండి అనుకున్నదానికన్న వేగంగా తరిగిపోయినదని తేలింది. అక్కడున్న ఇద్దరినీ భోజనం తగ్గించుకోమన్నారు. 2004 డిసెంబరు 25న ప్రోగ్రెస్ చేరిన తరువాతే వారు కడుపునిండా తిన్నారు. ఒకే బండి మీద ఆధారపడిన ఇంటికి ఎంతటి గొప్పవారికైనా పస్తు భయం తప్పదని ఆ ఘటన నేర్పింది.

కొనడం మాని బాడుగ కుదిర్చారు

షటిల్‌ను విరమించబోతున్న దశలో నాసా 2006లో కొత్త ఆలోచన చేసింది. నౌకను తాను తయారుచేయించి, తానే నడిపే బదులు, ప్రైవేటు కంపెనీలు తయారుచేసిన నౌకల్లో సరుకు పంపి బాడుగ చెల్లించాలన్నది ఆ ఆలోచన. 2008 డిసెంబరులో రెండు ఒప్పందాలు కుదిరాయి. స్పేస్ ఎక్స్ సంస్థకు 12 ప్రయాణాలకు 160 కోట్ల డాలర్లు, ఆర్బిటల్ సైన్సెస్ సంస్థకు 8 ప్రయాణాలకు 190 కోట్ల డాలర్లు. ఒక్కొక్కరు కనీసం 20 టన్నుల సరుకు చేర్చాలి.

ఈ లెక్కను మా ఎనిమిదవ తరగతి పిల్లల చేత వేయించాను. మొదటి ఒప్పందం ప్రకారం 20 టన్నులే అనుకొంటే కిలోకు 80,000 డాలర్లు పడుతుంది. ఆనాటి మారకంలో ముప్పైఎనిమిది లక్షల రూపాయల పైమాటే. పిల్లలు నోళ్ళు తెరిచారు. రేషన్ అంగడిలో వరుసలో నిలిచే కుటుంబాలకు ఈ లెక్క విన్నప్పుడు కోపం రావడం న్యాయమే. అయితే ఇక్కడ గమనించదగిన అంశం ఒకటున్నది. షటిల్ పద్ధతిలో ఖర్చు ఎంతైనా ప్రభుత్వమే భరించేది. కొత్త పద్ధతిలో ధర ముందే నిర్ణయమైనది. అంచనా మించిన ఖర్చు కంపెనీదే.

దీనిని చూపి ప్రైవేటు సంస్థలు స్వంత శక్తితో ఆకాశాన్ని జయించాయని చెప్పేవారున్నారు. అది అర్ధసత్యం. నౌకలను రూపొందించే దశలోనే నాసా ఈ రెండు కంపెనీలకు కోట్లాది డాలర్ల ప్రజాధనం ఇచ్చింది. ఒక్కొక్క మెట్టు ఎక్కి చూపిన తరువాతే ఒక్కొక్క వాయిదా సొమ్ము చెల్లించింది. పరీక్షించే నిపుణులను తనవద్దనే ఉంచుకొంది. కనుక గెలిచినది ప్రైవేటు చొరవ ఒక్కటే కాదు. సరుకు చూసి సొమ్ము ఇచ్చే తెలివైన కొనుగోలుదారు కూడా గెలిచాడు. కొనేవాడికి సరుకు సంగతి తెలియకపోతే ఏ సంతలోనైనా మోసపోక తప్పదు.

2012 మే 25న స్పేస్ ఎక్స్ వారి డ్రాగన్ నౌక తొలిసారి నిలయానికి చేరింది. 2013 సెప్టెంబరులో ఆర్బిటల్ వారి సిగ్నస్ చేరింది. డ్రాగన్ తిరిగి సముద్రంలో దిగి పరిశోధన నమూనాలను తెస్తుంది. సిగ్నస్ తిరిగి రాదు. సరుకు దించిన తరువాత దానినిండా చెత్త నింపి వదిలితే వాతావరణంలో కాలిపోతుంది. తెచ్చేది సరుకు, తీసుకుపోయేది చెత్త. ఇల్లు నడవాలంటే రెండూ కావలసినవే.

బండిని పట్టిన తెలుగు వారసుని చేయి

2020లో ఒక సిగ్నస్ నౌకకు కల్పనా చావ్లా పేరు పెట్టారు. అది అమెరికా కాలమానం ప్రకారం అక్టోబరు 2 రాత్రి వర్జీనియా తీరంలోని వాలప్స్ దీవి నుంచి బయలుదేరింది. మనకు అప్పుడు 3వ తేదీ ఉదయం. మూడున్నర టన్నులకు పైగా సరుకు అందులో ఉన్నది. కొత్త మరుగుదొడ్డి పరికరం, ముల్లంగి పండించి చూసే ప్రయోగ సామగ్రి కూడా ఉన్నాయి. నిలయానికి తిండి అందక ఇబ్బంది కలిగిన రోజులు కొలంబియా ప్రమాదం వల్లనే వచ్చాయి. ఆ ప్రమాదంలో అసువులు బాసిన మహిళ పేరుగల నౌక పదిహేడేళ్ళ తరువాత అదే నిలయానికి తిండి మోసుకుపోయింది.

తెలుగువారికి మరింత దగ్గరి సంబంధం 2022 ఫిబ్రవరిలో కలిగింది. 19వ తేదీన వాలప్స్ నుంచి బయలుదేరిన సిగ్నస్ 17వ సరుకు యాత్ర, సుమారు 3,800 కిలోల భారంతో 21వ తేదీన నిలయాన్ని సమీపించింది. దానిని యాంత్రిక హస్తంతో పట్టుకొన్నది రాజా చారి. తెలుగు నేలనుంచి ఉన్నత విద్యకు అమెరికా వెళ్ళిన శ్రీనివాస్ చారి కుమారుడాయన. అమెరికా వైమానిక దళంలో పనిచేసి, 2017లో నాసాకు ఎంపికయ్యారు. మన గడియారంలో మధ్యాహ్నం 3.14 గంటలకు ఆ పట్టు చిక్కింది.

అది ఎంత సున్నితమైన పనియో చెప్పాలి. తిరుత్తణి నుంచి అరక్కోణం పోయే రోడ్డుమీద ఇద్దరు పక్కపక్కనే సైకిళ్ళు తొక్కుతూ ఒకరి చేతి సంచిని మరొకరు అందుకొన్నారనుకొందాం. ఇద్దరి వేగం సమానమైతే సంచి కదలనట్లే ఉంటుంది. ఒకరు ఏమాత్రం తొందరపడినా ఇద్దరూ పడతారు. నౌక, నిలయం రెండూ సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతూనే, ఒకదానికొకటి నిశ్చలంగా కనబడే స్థితికి రావాలి. నిలయానికి దిగువగా, సుమారు పది మీటర్ల దూరంలో నౌక ఆగుతుంది. అప్పుడు లోపలి వ్యోమగామి పదిహేడు మీటర్ల పొడవుగల హస్తాన్ని చాచి దానిని పట్టుకొంటాడు. ఆ నౌకలో మట్టి లేకుండా కూరగాయ మొక్కలు పెంచే ప్రయోగ సామగ్రి కూడా ఉండడం వ్యవసాయ కుటుంబాలకు ఆసక్తి కలిగించే విషయం.

బండ్లు రెండు, ఎద్దు ఒకటే

ఆ సిగ్నస్ బయలుదేరిన అయిదవ రోజున, అనగా 2022 ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. ఆ యుద్ధానికి, ఈ సరుకుల బండికి ఏమి సంబంధమని అడగవచ్చు. సిగ్నస్‌ను మోసిన అంటారెస్ రాకెట్ మొదటి దశ తొట్టె ఉక్రెయిన్‌లో తయారైనది. దాని ఇంజన్లు రష్యావి. నౌకలో సరుకు నింపే గది ఇటలీలోని ట్యూరిన్‌లో తయారవుతుంది. పట్టుకొన్న హస్తం కెనడాది. ఆ హస్తాన్ని నడిపిన మనిషి తెలుగు మూలాలుగల అమెరికా పౌరుడు. ఇన్ని దేశాలు కలిసిన పని ఒక సరిహద్దు యుద్ధంతో తెగిపోయింది. అప్పటికే చేతిలో ఉన్న మరి రెండు రాకెట్లను వాడుకొన్నారు. 2023 ఆగస్టుతో ఆ రకం అంటారెస్ ముగిసింది.

తరువాత సిగ్నస్ ఏమి చేసింది? 2024 జనవరి నుంచి తన పోటీదారు అయిన స్పేస్ ఎక్స్ వారి ఫాల్కన్-9 రాకెట్ ఎక్కి పోవలసివచ్చింది. బండ్లు రెండున్నట్లు పైకి కనబడుతుంది. లాగే ఎద్దు మాత్రం ఒకటే అయింది. 2024 జూలైలో ఫాల్కన్-9 పై దశ ఒక ప్రయాణంలో విఫలమైనప్పుడు రెండు వారాలపాటు ఆ రాకెట్ ప్రయాణాలన్నీ నిలిచాయి. అది చిన్న విరామంతో పోయింది. పెద్దదైతే రెండు అమెరికన్ బండ్లూ ఒకేసారి ఆగేవి.

2025 సంవత్సరమైతే ఈ విషయంలో వరుసగా హెచ్చరికలు చేసింది. ఆ ఏడాది వెళ్ళవలసిన ఒక సిగ్నస్ సరుకుగది రవాణాలోనే దెబ్బతిని ప్రయాణం ఆగింది. జూన్ 5న అమెరికా అధ్యక్షునితో మాటల యుద్ధంలో స్పేస్ ఎక్స్ అధిపతి ఈలాన్ మస్క్ డ్రాగన్ నౌకలను విరమిస్తానని ప్రకటించి, కొన్ని గంటల్లోనే మాట వెనక్కు తీసుకొన్నారు. సెప్టెంబరు 14న బయలుదేరిన కొత్త పెద్ద సిగ్నస్, సుమారు అయిదు టన్నుల సరుకుతో వెళుతూ, ఇంజను అనుకొన్నదానికన్న ముందే ఆగిపోవడంతో ఒకరోజు ఆలస్యంగా 18వ తేదీన చేరింది. నవంబరు 27న బైకనూరులో రష్యా వారి ప్రయోగవేదిక దెబ్బతిన్నది. ప్రోగ్రెస్ నౌకలు లేచే వేదిక అదే. ఒకే ఏడాదిలో యంత్రం, వేదిక, రవాణా, యజమాని కోపం అన్నీ ఈ సరఫరాను తాకి చూశాయి.

2014 అక్టోబరు 28 మొదలు 2015 జూన్ 28 వరకు ఎనిమిది నెలల్లో సిగ్నస్, ప్రోగ్రెస్, డ్రాగన్ మూడు రకాల సరుకు నౌకలు ఒక్కొక్కటి చొప్పున నష్టపోయాయి. అయినా నిలయంలో ఎవరూ పస్తుండలేదు. కారణం రెండు. నెలల తరబడి సరిపడే నిల్వ ముందే చేర్చి ఉంచారు. ఒక బండి పడినప్పుడు మరొక దేశపు, మరొక రకపు బండి సిద్ధంగా ఉన్నది. 2004లో లేనివి 2015లో ఉన్నాయి. అంతే తేడా.

మన బండి సంగతి

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2028లో తొలి గది, 2035 నాటికి అయిదు గదుల పూర్తి నిలయం అన్నది భారతీయ అంతరిక్ష స్టేషన్ లక్ష్యం. తొలి గదికి కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. 2025 జనవరి 16న స్పేడెక్స్ ప్రయోగంలో సుమారు 220 కిలోల చొప్పున బరువుగల రెండు ఉపగ్రహాలు ఆకాశంలో జతకూడాయి. అమెరికా, రష్యా, చైనాల తరువాత ఈ విద్య సాధించిన నాలుగవ దేశం మనది. బరువులు మోయడానికి ఎల్‌వీఎం-3 ఉన్నది. 2023 మార్చి 26న అది 5,805 కిలోల బరువుగల 36 ఉపగ్రహాలను ఒకేసారి కక్ష్యకు చేర్చింది. ఎద్దు బలమైనదే. కాడి కట్టడం తెలిసింది. బండి ఇంకా చేయవలసి ఉన్నది.

ప్రస్తుతానికి మనం కూడా బాడుగ ప్రయాణికులమే. 2025 జూన్ 25న శుభాంశు శుక్లా బయలుదేరినది ప్రైవేటు సంస్థ ఏర్పాటుచేసిన యాత్రలో, మన ప్రభుత్వం కొన్న ఆసనం మీద. ఆయన అక్కడ మెంతి, పెసర గింజలు మొలకెత్తించారు. నేర్చుకొనే దశలో బాడుగ తప్పు కాదు. స్వంత ఇల్లు కట్టిన తరువాత కూడా బండికోసం పరాయి వాకిట నిలవడం మాత్రం తప్పు.

మన దేశంలోనూ ప్రైవేటు సంస్థలకు 2020లో తలుపులు తెరిచారు. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ 2022 నవంబరు 18న, చెన్నైకి చెందిన అగ్నికుల్ 2024 మే 30న శ్రీహరికోట నుంచే తమ తొలి ప్రయోగాలు చేశాయి. ఇవి చిన్న రాకెట్లు. సరుకు నౌకను తయారుచేసే సంస్థలు రేపు వీటి బాటలో రావచ్చు. అప్పుడు ప్రభుత్వం మూడు నియమాలు మరువరాదు. మొదటిది, రెండు రకాల బండ్లు, అవి కూడా రెండు వేర్వేరు రాకెట్లపై. రెండవది, మెట్టుమెట్టుకు పని చూసి సొమ్ము చెల్లించడం, చూడగల నిపుణులను ప్రభుత్వంలో నిలుపుకోవడం. మూడవది, ఒక బండి తప్పినా నెలలు గడిచే నిల్వ.

సరిహద్దు పల్లెకు ఇందులో ఏమున్నది?

సరఫరా వరుసలో చివరి ఇల్లుగా ఉండడం ఎట్లా ఉంటుందో సరిహద్దు కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక సంవత్సరం మా తెలుగు తరగతి పుస్తకాలు బడి తెరిచిన ఎన్నో వారాలకు గాని చేరలేదు. పాత విద్యార్థుల ఇళ్ళకు తిరిగి, చిరిగిన పుస్తకాలు తెచ్చి, అట్టలు వేసి పాఠం నడిపాము. ఆ మరుసటి ఏడాది నుంచి పాతపుస్తకాలను బీరువాలో భద్రపరుస్తున్నాము. నిల్వ అన్నమాటకు అర్థం నేను నేర్చుకొన్నది అక్కడ.

1960 ఏప్రిల్ 1న హద్దులు మారి తిరుత్తణి ఇటు చేరింది, సత్యవేడు అటు చేరింది. శ్రీహరికోట పొగకు మాత్రం హద్దు లేదు. 1971 అక్టోబరు 9న ఆ దీవినుంచి తొలి రాకెట్ లేచిన నాటినుంచి మన రెండు వైపుల పల్లెలూ దానిని చూస్తున్నాయి. ప్రయోగం ఉన్న రోజుల్లో హెచ్చరిక అందుకొని పులికాట్ మత్స్యకారులు వల సర్దుకొంటారు. దీవిలో ఉండిన యానాదులు తమ తావు విడిచారు. ఈ త్యాగాలు చిన్నవి కావు. చూడడం మన వంతు, పనిచేయడం మరొకరి వంతు కాకూడదు.

అవకాశం దగ్గరికి వస్తున్నది. 2025లో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రెండూ అంతరిక్ష పరిశ్రమలకు ప్రత్యేక విధానాలు ప్రకటించాయి. రెండు ప్రభుత్వాలు పిలుస్తున్న ఆ పరిశ్రమలకు నడుమ మన పల్లెలున్నాయి. సరుకు నౌక అనగా శాస్త్రవేత్తల పని మాత్రమే కాదు. లోహం కోసేవారు, వెల్డింగ్ చేసేవారు, తీగలు కలిపేవారు, కొలతలు సరిచూసేవారు, తిండి నిల్వచేసి మూటకట్టేవారు అందరూ కావాలి. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల గగనయాన్ కోసం మనం రోజూ తినే వంటకాలనే సిద్ధం చేస్తున్నది. ఆవడిలో, గుమ్మిడిపూండిలో, కాక్కళూరులో ఇప్పటికే యంత్రశాలలున్నాయి. ఇంట తెలుగు, బడిలో తమిళం నేర్చిన మన పిల్ల రెండు వైపులా పనిచేయగలదు. ఆ రెండు భాషలను భారమని తలచే తల్లిదండ్రులు పునరాలోచించాలి.

ఒక ఉపయోగకరమైన సమాచారం. ఇస్రో 2019 నుంచి తొమ్మిదవ తరగతి విద్యార్థులకు యువికా అనే శిక్షణ కార్యక్రమం నడుపుతున్నది. ఎంపికలో ఎనిమిదవ తరగతి మార్కులను, పల్లె బడులలో చదివినవారి పరిస్థితిని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకొంటారు. శ్రీహరికోటలో ప్రయోగాలను కూర్చుని చూసే ప్రాంగణం 2019లో ప్రారంభమైంది. పేరు ముందుగా నమోదు చేసుకొంటే సామాన్యులకూ ప్రవేశముంటుంది. ఆడపిల్లకు ఎనిమిదితో లెక్కలు చాలునని తీర్మానించే ముందు, ఒకసారి ఆమెను అక్కడికి తీసుకువెళ్ళండి.

దుడ్డు పెట్టి ఏమి పంపారని అడిగిన విద్యార్థినికి ఈ సంగతులన్నీ రెండు పాఠాల వేళల్లో చెప్పాను. అంతా విని ఆమె మరొక ప్రశ్న వేసింది: "సార్, మన ఇంటికి మన బండి ఎప్పుడు పోతుంది?" 2035 అన్నాను. వేళ్ళు మడిచి తన వయసు లెక్కపెట్టుకొంది. అప్పటికి ఆమెకు ఇరవైమూడు నిండుతాయి. ఆ బండి చేసే చోట ఆమెకు పని దొరుకుతుందా లేదా అన్నది ఇప్పటినుంచే మన ఇళ్ళలో, మన బడులలో తేలవలసిన విషయం.